పరీక్ష ముగిసిన పిమ్మట: ఖమ్మము బాలికల చరిత్ర

2009వ సంవత్సరము జూలై నెల 9వ తేదీన ఖమ్మము జిల్లాలో రాష్ట్ర ఆరోగ్యశాఖామాత్యుల చేతులమీదుగా ఒక క్రొత్త టీకాల కార్యక్రమము ప్రారంభమయ్యెను. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము అను మూడు మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల వఱకు వయస్సుగల బాలికలు సుమారు 14,000 మందికి, ఆఱు నెలల కాలములో మూడు మోతాదుల చొప్పున ఆ టీకాను వేయ నుద్దేశించిరి. ఇది స్త్రీల గర్భాశయ ముఖద్వారమున పుట్టు క్యాన్సరును రానీయకుండ నాపుటకు ఏర్పడిన టీకా. తొమ్మిది నెలలు గడచునప్పటికి దేశమంతటను దానిమీద కోలాహలము పుట్టెను. 2010 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వమువారు కార్యక్రమమును నిలిపివేసిరి. మన పత్రికలు ఆ యేడు కొంత వ్రాసినవి, పార్లమెంటు సంఘమువారి నివేదిక వెలువడిన 2013లో మఱికొంత వ్రాసినవి, పిమ్మట మఱచినవి.

మేము ఈ ప్రాతకథను మరల నెత్తుకొనుటకు కారణము లెక్క వేసినచో తెలియగలదు. 2009లో పదునాలుగేండ్ల బాలిక 2025 నాటికే ముప్పదియేండ్ల స్త్రీ యయ్యెను. నాటి పదేండ్ల పిల్లకు 2029లో ముప్పదియేండ్లు నిండును. మన ప్రభుత్వమువారి నియమము ననుసరించి గర్భాశయ ముఖద్వార పరీక్ష స్త్రీలకు మొదలుపెట్టవలసిన వయస్సు అదియే. అనగా నాడు టీకా నిచ్చినవారు వాగ్దానముచేసిన ఫలము పండినదో లేదో చూడవలసిన కాలము ఇప్పుడు వచ్చినది. చూచువా రెవరు?

ఈ ప్రశ్న ఖమ్మమునకు మాత్రమే చెందినది కాదు. మందును మనుష్యులమీద పరీక్షించి చూచిన పిమ్మట, పరీక్షకు తమ శరీరముల నొప్పగించినవారికి లోకము ఋణపడియుండునా, యుండిన నెంతవఱకు, అని వైద్యులును ధర్మశాస్త్రవేత్తలును చాలకాలముగా వాదించుకొనుచున్నారు. ఈ ఋణము కంటికి తేటగా కనబడు చోటు పురుషులకు వచ్చు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు. పురుష హార్మోనును తగ్గించిన నీ వ్యాధి తగ్గుముఖము పట్టునని 1941లో అమెరికాలో చార్లెస్ హగ్గిన్సు అను వైద్యుడు కనుగొనెను. అందులకై ఆయనకు 1966లో నోబెలు బహుమాన మిచ్చిరి. నాటినుండి నేటివఱకు దీని చికిత్స యెడతెగని చికిత్స. మందు పనిచేయుచున్నంతకాలము రోగి దానిని మానరాదు.

ఈ శతాబ్దారంభమున అబిరటెరోన్ అను మాత్రను 13 దేశములలో 1,195 మంది రోగులమీద పరీక్షించిరి. మూడింట రెండు వంతుల మందికి నిజమైన మందును, మిగిలినవారికి మందులేని మాత్రను ఇచ్చి, ఎవరి కేది యిచ్చుచున్నారో తెలియకుండ నడపిరి. 2010లో మధ్యకాలపు లెక్కలు చూడగా మందు తీసికొన్నవారు సగటున 14.8 నెలలును, తీసికొననివారు 10.9 నెలలును జీవించినట్లు తేలెను. పర్యవేక్షక సంఘమువారు వెంటనే గుట్టు విప్పి, మందులేని మాత్ర మ్రింగుచున్నవారికి సయితము నిజమైన మందు నీయుడని సలహా యిచ్చిరి. కొన్ని మాసముల భేదమే గదా యని తోచవచ్చును. కాని అట్టి రోగి యింటిలో కొన్ని మాసములనగా నేమో యెఱిగినవా రెఱుగుదురు. పరీక్ష ముగిసినది, రేపటినుండి మాత్రలు రావు అని ఒకనాడు చెప్పిన నా రోగి గతి యేమి? అందుచేత ఇట్టి పరీక్షలలో మేలు పొందుచున్నవారికి పరీక్ష ముగిసినను మందు నడచునట్లు వేఱొక యేర్పాటు చేయు వాడుక వచ్చినది. ప్రపంచ వైద్య సంఘమువారు 1964లో హెల్సింకి నగరమున చేసిన ప్రకటనలో ఈ ధర్మము మొదట లేదు. 2000లో దానిని సవరించినప్పుడు చేరెను. 2013 నాటి సవరణలో, పరీక్షకు ముందే ఈ యేర్పాటు చేసి రోగికి తెలుపవలెనని మఱింత స్పష్టమయ్యెను.

ప్రోస్టేటు రోగి తాను పరీక్షలో నున్నానని యెఱుగును. మాత్ర ఆగిన నాడే ఆగినదని యెఱుగును. అడుగుటకు నోరును, వ్రాయుటకు చేయియు గలవాడు. టీకా వేయించుకొన్న బాలిక స్థితి దీనికి పూర్తిగా భిన్నము. ఆమెకు వ్యాధి లేదు. సూది నాటిన నొప్పి మఱునాటికి పోవును. ఫలమో, కీడో, ఏదైనను తెలియుటకు ఇరువదియేండ్లు పట్టును. ఆమె విషయములో చికిత్స సాగుట యనగా నిత్యము మందు మ్రింగుట కాదు. మిగిలిన మోతాదులు వేళకు పడుట, జబ్బుచేసిన నది టీకావలననా కాదా యని విచారించువా రుండుట, తన కేమి వేసిరో తెలుపు కాగితము తన చేత నుండుట, పెద్దదైన పిమ్మట పరీక్షకు పిలుపు వచ్చుట. ఈ నాలుగును లేనిచో టీకా వేసిన నాడే ఆమెను విడిచిపెట్టినట్లు.

ఇక ఖమ్మమునకు వత్తము. కార్యక్రమమును నడిపినది అమెరికా దేశపు పాత్ అను సంస్థ. మన దేశమున దానితో చేయి కలిపినది భారత వైద్య పరిశోధన మండలి. సహాయపడినవి ఆంధ్రప్రదేశ్, గుజరాతు రాష్ట్ర ప్రభుత్వములు. ధనమిచ్చినది గేట్సు దంపతుల ధర్మసంస్థ. ఖమ్మములో వేసినది మెర్కు కంపెనీవారి గార్డసిల్. గుజరాతులోని వడోదర జిల్లాలో వేసినది గ్లాక్సో కంపెనీవారి సెర్వారిక్స్. టీకాలను కంపెనీలు ఉచితముగా నిచ్చినవి. ఇట్టి కార్యక్రమములనే పాత్ వారు పెరూ, ఉగాండా, వియత్నాము దేశములలోను నడపిరి.

టీకా మంచిదా చెడ్డదా యని చదువరులు మొదట నడుగుదురు. మంచిదే యని మే మెఱిగినంత స్పష్టముగా చెప్పుచున్నాము. ఈ క్యాన్సరునకు మూలము పాపిల్లోమా అను వైరసు అని నిరూపించిన జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెలు బహుమాన మిచ్చిరి. ఆ వైరసు జాతులలో 16, 18 అను రెండే నూటికి డెబ్బది పాళ్ల వ్యాధికి కారణములు. టీకా యా రెంటిని అడ్డగించును. 2020లో ఈ వ్యాధివలన మన దేశమున 77,000 మందికి పైగా స్త్రీలు చనిపోయినట్లు అంచనా. మన యిండ్లలో ఈ రోగము పేరును పైకి చెప్పుటకు సిగ్గుపడి, కడుపునొప్పి యనియో, ఎఱ్ఱబట్ట యనియో చాటుచేసి, నయముకాని దశలో ఆస్పత్రికి కొనిపోవు వాడుక నేటికిని పోలేదు. అట్టి దేశమున నీ టీకా వచ్చుట శుభమే. శుభమైన పనిని అశుభమైన రీతిని చేయుటయే ఖమ్మములోని దోషము.

ఆ రీతి యెట్టిదో చూడుడు. ఎన్నుకొన్న ప్రదేశములో భద్రాచలపు అడవి యొకటి. కోయలును, కొండరెడ్లును నివసించు సీమ. వారి పిల్లలు ఏడాదిలో హెచ్చుకాలము గిరిజన సంక్షేమశాఖవారి ఆశ్రమ పాఠశాలలలో, హాస్టళ్లలో నుందురు. తలిదండ్రులు దూరపు గూడెములలో పోడు చేసికొనుచుందురు. పిల్లలందఱు నొక్కచోట దొరకుదురు గనుక టీకా వేయువారికి హాస్టలు చాల సుకరము. కాని అంగీకార పత్రముమీద చేవ్రాలు చేయవలసిన తండ్రి హాస్టలులో లేడు. అందుచేత పలుచోట్ల వార్డెనులే చేవ్రాళ్లు చేసిరి. పార్లమెంటు స్థాయీ సంఘమువారి 72వ నివేదికలో ఈ లెక్క గలదు: ఆంధ్రప్రదేశమునకు చెందిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు, 2,763 పత్రములమీద వార్డెనుల చేవ్రాళ్లు. వేలిముద్ర వేసిన తండ్రికి ఆ కాగితమును చదివి వినిపించినదెవరు, ఏ భాషలో వినిపించిరి? కోయ గూడెములో తెలుగే సగము పరభాష. చేవ్రాలు చేసిన వార్డెనులను మేము నిందింపము. పైనుండి వచ్చిన యుత్తరువు ననుసరించి పిల్లలకు మేలే చేయుచున్నామని తలచినవారే వారిలో ననేకులు. కాని బిడ్డ శరీరమునకు యజమానులు తలిదండ్రులు. హాస్టలులో కూడు పెట్టినంతమాత్రమున ఆ హక్కు సర్కారునకు సంక్రమింపదు.

2010 మొదటి మాసములలో కొందఱు బాలికలు మరణించిన వార్త పొక్కెను. ఢిల్లీలోని సమ అను స్త్రీల ఆరోగ్య సంఘమువారు మార్చిలో భద్రాచలమునకు వచ్చి, హాస్టళ్లలో విచారించి, తాము చూచినది ప్రకటించిరి. రెండు రాష్ట్రములలోను కలిపి మరణములు ఏడు. అందులో ఐదు ఖమ్మములోనివి. ఏప్రిలులో కార్యక్రమము నిలిచెను. విచారణ సంఘ మేర్పడెను. 2011లో వారు తేల్చినదేమనగా, మరణములకును టీకాకును సంబంధము కానరాలేదని. ఏడుగురిలో ఒకరు నీట మునిగిరి, ఒకరిని పాము కఱచెను, ఇద్దఱు పురుగులమందు త్రాగిరి, ఒకరు మలేరియాతో పోయిరి; తక్కిన యిద్దఱి విషయము అంత స్పష్టముగా లేదు. ఈ పట్టికను చదివిన మాకు టీకాకంటె హెచ్చు భయము కలిగించినది యా బాలికల జీవితమే. పదునాలుగేండ్లు నిండని పిల్లలు పాములకును, జ్వరములకును, పురుగులమందునకును బలియగుచుండగా, ముప్పదియేండ్ల తరువాత రాగల రోగమును గూర్చి ప్రపంచపు ధనికులు చింతించిరి! చింతించుట తప్పు కాదు. కాని మలేరియాకు సకాలమున మందు దొరకని చోట టీకాకు మాత్రము సమస్తము సమకూడుట వింతగా తోచును.

2013 ఆగస్టులో వెలువడిన స్థాయీ సంఘ నివేదిక మఱింత కఠినముగా నుండెను. ఆ టీకా మన దేశమున అమ్మకమునకు అనుమతి పొందినది 2008లో. పరిశోధన మండలి పాత్ సంస్థతో ఒప్పందము వ్రాసికొన్నది 2007లో. ఇంత తొందర యేల యని సంఘమువారు నిలదీసిరి. అన్నిటికంటె ముఖ్యముగా వారు పట్టుకొన్నది పేరును. మేము చేసినది మందు పరీక్ష కాదు, అనుమతి పొందిన టీకాను జనులకు అందించుట యెట్లో చూచు ప్రదర్శన మాత్రమే యని నడపినవారి వాదము. సంఘము దానిని ఒప్పుకొనలేదు.

ఈ కథ కంతటికి కీలకము ఈ పేరే యని మా యభిప్రాయము. పరీక్ష యన్నచో చట్ట మడ్డువచ్చును: ప్రతి వ్యక్తికి విడిగా వివరించి అంగీకారము తీసికొనవలెను; భీమా చేయవలెను; హాని కలిగినచో చికిత్సయు, నష్టపరిహారమును ఈయవలెను; పరీక్ష ముగిసిన పిమ్మట నేమి చేయుదురో ముందే వ్రాయవలెను. ప్రదర్శన యన్నచో ఇవి యేవియు నక్కఱలేదు. పోనీ, సర్కారు టీకాల కార్యక్రమమన్నచో, ఏటేట వచ్చు దాది యుండును, వ్రాతపుస్తక ముండును, తరువాతి యేడు చెల్లెలికిని అదే టీకా దొరకును. ఖమ్మము బాలికలకు పరీక్షలోని రక్షణయు లేదు, కార్యక్రమములోని శాశ్వతత్వమును లేదు. ప్రదర్శనవారు తెలిసికొన దలచిన ప్రశ్న యేదనగా, ఎందఱు వేయించుకొందురు, ఎంత ఖర్చగును, జనులు సమ్మతింతురా అని. లెక్క తేలినతోడనే ప్రశ్నకు ఉత్తరము దొరకెను. ఉత్తరము దొరకిన పిమ్మట బాలికతో వారికి పనిలేదు.

ఇందులకు పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ మొకటి అదే కాలమున, అదే టీకాతో, మన దేశముననే జరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు, ఆర్. శంకరనారాయణన్ గారి నాయకత్వమున, 2009 సెప్టెంబరులో ఒక పరీక్షను మొదలుపెట్టిరి. అది పరీక్ష యని పేరుతోనే చెప్పి చేసినది. పలు రాష్ట్రములలో జరిగిన యా పరీక్షకు హైదరాబాదు ప్రాంతమును నొక కేంద్రము. పది మొదలు పదునెనిమిదేండ్ల బాలికలు 20,000 మందిని తీసికొని, సగము మందికి రెండు మోతాదులును, సగము మందికి మూడు మోతాదులును వేసి, రెండు చాలునా యని చూడ దలచిరి. ఖమ్మము గొడవవలన 2010 ఏప్రిలులో సర్కారువారు దీనిని గూడ నిలిపిరి. అప్పటికి 17,729 మందికి టీకాలు పడినవి. కొందఱికి మూడు, కొందఱికి రెండు, సుమారు 4,950 మందికి ఒక్కటియే. పరీక్ష చెడిపోయినట్లే.

కాని వారు బాలికలను విడువలేదు. ఏండ్ల తరబడి వెదకి, చూచి, పెండ్లియైన పిమ్మటను పరీక్షించుచు వచ్చిరి. 2021లో వారు ప్రకటించిన ఫలితము వైద్యలోకమును ఆశ్చర్యపఱచెను. ఒక్క మోతాదు పడిన బాలికలలో సయితము 16, 18 జాతుల వైరసు నిలువయుండకుండ టీకా నూటికి 95 పాళ్లు కాపాడినదని తేలెను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదును అంగీకరించుటకు ఆధారమైనవానిలో ఈ ఫలితము ముఖ్యమైనది. మూడు మోతాదుల ధర భరింపజాలని బీదదేశముల బాలికలకు అది యెంత మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు. దైవికముగా తెగిపోయిన పరీక్షనుండి ఇంత ఫలము వచ్చుటకు హేతువు ఒక్కటే: పేర్లు గల పట్టికయు, ఆ పట్టికను పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన మనుష్యులును ఉండుట. ఖమ్మములోని 14,000 మందిని అట్లే కనిపెట్టియుండినచో లోకజ్ఞానమునకు వారిచ్చియుండు కానుక ఎంత గొప్పదో గదా! ఆ బాలికలకు కలిగియుండు మేలు సంగతి సరేసరి.

ఆ పట్టికకు పట్టిన గతి మఱియొకటి గలదు. ఇది యెవ్వరు కోరి చేసినది కాదు. భద్రాచల ప్రాంతము ఏలికల చేతులు మారుటకు అలవాటుపడిన సీమ. 1959 వఱకు తూర్పు గోదావరిలో నుండి, పిమ్మట ఖమ్మములో చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు, పోలవరము ఆనకట్టకై భద్రాచలము మండలములో పట్టణమును మాత్రము తెలంగాణలో నుంచి, తక్కిన గ్రామములను ఆంధ్రప్రదేశములో కలిపిరి. 2016లో కొత్తగూడెమును భద్రాచల పట్టణమును చేరి భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యయ్యెను. తిరుమలాయపాలెము ఖమ్మము జిల్లాలోనే నిలిచెను. ఆంధ్రలో చేరిన గ్రామములు మొదట తూర్పు గోదావరిలో నుండి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయినవి. 2009లో ఒకే హాస్టలు గదిలో వరుసగా నిలిచి చేయి చాచిన బాలికలు ఈ విధముగా రెండు రాష్ట్రముల ప్రజలైరి. పాత ఖమ్మము జిల్లా ఆరోగ్యాధికారి కచ్చేరిలోని కాగితమునకు వారసులెవరో చెప్పవలసిన యక్కఱ ఏ రాష్ట్రమునకును పుట్టలేదు.

న్యాయస్థానము సంగతియు కొంత చెప్పవలసియున్నది. కల్పనా మెహతా మొదలగు స్త్రీలు 2012లో సుప్రీము కోర్టు నాశ్రయించిరి. వాదము నడుమ, పార్లమెంటు సంఘపు నివేదికను కోర్టు చూడవచ్చునా కూడదా యను సందేహము పుట్టి, దానిని తీర్చుటకు ఐదుగురు న్యాయమూర్తులు కూర్చుండిరి. చూడవచ్చునని 2018 మే 9న వారు తీర్పు చెప్పిరి. రాజ్యాంగశాస్త్రమున నది గొప్ప తీర్పే. కాని వ్యాజ్యము వేసిన నాటికి పదునేడేండ్ల పిల్ల, కాగితమును చదువవచ్చునా యను ప్రశ్న తేలునప్పటికి ఇరువదిమూడేండ్ల గృహిణి.

చట్టము మాత్రము కొంత ముందుకు నడచినది. 2013లో నష్టపరిహారపు నియమములు వచ్చినవి. 2019 మార్చిలో వెలువడిన క్రొత్త మందుల నియమావళిలో 27వ నియమము, పరీక్ష ముగిసిన పిమ్మట రోగికి మందును ఉచితముగా నీయవలెనని మొదటిసారి చట్టముగా పలికెను. ప్రోస్టేటు రోగికి ఇది కొంత యూఱట. అయినను షరతులు గట్టివి: ఆ వ్యాధికి వేఱు చికిత్స లేకుండవలెను, మేలు కలిగినదని పరీక్షించిన వైద్యుడు చెప్పవలెను, ధర్మసంఘము ఒప్పుకొనవలెను, పైగా, ఆ మందువలన తరువాత నేమి జరిగినను కంపెనీకి బాధ్యత లేదని రోగి వ్రాసియీయవలెను. ప్రాణముమీదికి వచ్చినవాడు ఏ కాగితముమీదనైనను చేవ్రాలు చేయును గదా. ఇక ప్రదర్శన యని పేరుపెట్టిన పనిలోని బాలికకు ఈ నియమ మసలు వర్తింపదు.

మేము కోరునది పెద్దది కాదు. గర్భాశయ ముఖద్వార పరీక్ష ఖర్చుతో కూడినదియు కాదు. పలుచని ఎసిటిక్ ఆమ్లమును, అనగా మన సిర్కాలోని పులుపును, అద్ది ఒక నిమిషము చూచినచో చెడిన భాగము తెల్లబడును. శిక్షణ పొందిన దాది దీనిని చేయగలదు. ముప్పదియేండ్లు దాటిన స్త్రీలకు ఐదేండ్ల కొకమాఱు దీనిని చేయవలెనని 2016లోనే కేంద్రమువారు నిర్ణయించిరి. టీకా వేయించుకొన్నవారును ఈ పరీక్షను మానరాదు. మిగిలిన ముప్పది పాళ్ల ముప్పునకు టీకా బాధ్యురాలు కాదు. రెండు రాష్ట్రముల ఆరోగ్యశాఖలును ఆ ప్రాత పట్టికను బయటికి తీసి, రెండు ప్రతులు వ్రాయించి, ఎటపాక వైపు గ్రామములవారి పేరులు ఆంధ్రవారును, తక్కినవారి పేరులు తెలంగాణవారును తీసికొని, ఆ 14,000 మందిని ముందుగా పిలిచిన చాలును. పెండ్లియై వేఱు మండలములకు పోయినవారిని పుట్టింటివా రెఱుగుదురు. ఆశా కార్యకర్త వారి నెఱుగును.

సరిహద్దు కాగితములమీదనే గాని అడవిలో లేదు. ఎటపాక స్త్రీకి ప్రసవము వచ్చినను, జ్వరము వచ్చినను నేటికిని భద్రాచలము ఆస్పత్రికే పోవును. అక్కడి దాది, “అమ్మా, చిన్నప్పుడు నీకేమైన టీకాలు వేసిరా?” అని అడిగినచో, బడిలో నున్నప్పుడు చేతికి సూది వేసిరని చెప్పగలదు. దేనికి వేసిరో, ఎన్ని వేసిరో ఆమె చెప్పలేదు. అది వ్రాసియున్న కాగితము సర్కారువారివద్ద నుండవలెను.